ఆచంద్రార్కం ఫ్యామిలీ ప్లాన్

లక్ష్మీపతిగారి కోతలకి ఒక పద్ధతుంది. మొదటి ముక్క ఎప్పుడూ నిజమే. ఆ నిజం రుచి చూసి జనం కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు, లాక్కున్నాక లేవడం వాళ్ళ చేతుల్లో ఉండదు. నిజం ఎక్కడ ఆగుతుందో, కోత ఎక్కడ అందుకుంటుందో పద్మినికి ముప్పై నాలుగేళ్ళ కాపురంలో కొట్టినపిండి. ఆయన గొంతు సవరించుకుని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారంటే, నిజం అంతటితో సరి.

కానీ ఆ శనివారం ఆవిడకి కోతలు వినే ఓపిక లేదు. నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో, ఇండియన్ గ్రోసరీ షాపులో, బియ్యం బస్తాల పక్కన నాలుగు బల్లలు వేసి నడిపే టీ కౌంటర్ అది. అరగంటలో వారం సరుకులు కొని, రెండు గంటలు టీ తాగడం ఆ దంపతుల శనివారం అలవాటు. పద్మిని ముందు టీ చల్లారిపోతోంది. పక్కనే ఫోన్‌లో కూతురి మెసేజ్ ఉంది. "అమ్మా, వన్ ఓ క్లాక్‌కి షాప్‌లో ఉంటాం. ఆఫర్ ఈ రోజే లాస్ట్. నాన్నని అడిగి ఆ పిన్ పంపించవా ప్లీజ్." కాలిఫోర్నియాలో, పిల్ల ఉండే శాన్ రామన్‌లో ఒంటిగంటంటే ఇక్కడ నాలుగు. ఇప్పుడు మూడున్నర.

స్మృతి వాళ్ళకి ఒక్కతే కూతురు. ముప్పై ఒకటి నిండాయి. ఏడాదిన్నర కిందట ఈషాన్‌ని పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి వేరే ఫోన్ కంపెనీలో సొంతంగా ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటున్నారు. పాత నంబరు పోకుండా కంపెనీ మారాలంటే ఆరంకెల ట్రాన్స్‌ఫర్ పిన్ను కావాలి. అది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే తెప్పించాలి. పిల్లకి పద్నాలుగేళ్ళప్పుడు మొదటి ఫోన్ కొనిచ్చిన రోజు నుంచీ ఆ అకౌంట్ లక్ష్మీపతిగారి పేరు మీదే ఉంది. స్మృతి అడిగి రెండు వారాలైంది. మొదటి వారం వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదన్నారు. రెండో వారం పాస్‌వర్డ్ మర్చిపోయానన్నారు. స్టేట్ హైవే డిపార్ట్‌మెంట్‌లో ఉండగా పాతికేళ్ళ కిందట కట్టిన వంతెనకి ఎన్ని బోల్టులు పట్టాయో ఇప్పటికీ చెప్పే మనిషి, పాస్‌వర్డ్ మర్చిపోయారట.

పద్మిని గట్టిగా నిలదీయలేదు. ఆవిడతో పిల్ల రోజూ మాట్లాడుతుంది, మెసేజ్‌లు పెడుతుంది, సాంబారు ఎందుకు పలచనైందని ఫోటో తీసి మరీ అడుగుతుంది. ఆయన సంగతి వేరు. కారణం లేకుండా కూతురికి ఫోన్ చేయడం ఆయనకి చేతకాదు. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున బిల్లు వస్తుంది. ఆ సాయంత్రం చొక్కా మార్చుకుని, సోఫాలో నిటారుగా కూర్చుని ఫోన్ చేస్తారు. ఈ నెల డేటా కాస్త ఎక్కువ వాడినట్టున్నావమ్మా అంటారు. అవునా నాన్నా, తగ్గిస్తాను అంటుంది స్మృతి. అసలు ఆ ప్లాన్‌లో డేటాకి లెక్కే లేదు, ఎంత వాడినా బిల్లు ఒకటేనని మార్చి ఎనిమిదేళ్ళయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, పిల్లకీ తెలుసు. ఆ వంక పట్టుకుని తండ్రీకూతుళ్ళు ఓ పావుగంట మాట్లాడుకుంటారు. మిగతా నెలంతా ఆయన ఆ పావుగంట కోసమే చూస్తుంటారు. నంబరు వెళ్ళిపోతే తొమ్మిదో తారీఖు కూడా దానితోపాటే పోతుంది.

ఇదంతా మనసులో నలుగుతుండగా అనుష్క వచ్చి కూర్చుంది. షార్లెట్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. పగిలిన ఫోన్ బల్ల మీద పెట్టి, తన సందేహం బయటపెట్టింది.

"అంకుల్, కంపెనీ వాడు ఫోన్ ఫ్రీ అంటాడు. థర్టీ సిక్స్ మంత్స్ ఉండాలి అంటాడు. కానీ కాంట్రాక్ట్ లేదు అంటాడు. అది ఎలా?"

అడిగింది లక్ష్మీపతిగారినే అయినా జవాబు అదే బల్ల దగ్గరున్న మూర్తిగారు అందుకున్నారు. రిటైరైన డాక్టరు. మందు చీటీ రాసినట్టు ఏదైనా తాపీగా, వరసగా చెప్పడం ఆయన అలవాటు. ఫ్రీ అనేది ఉత్త మాటేనన్నారు. ఫోన్ ఖరీదుని ముప్పై ఆరు వాయిదాలు చేసి నెలకొకటి బిల్లులో వేస్తారు, మళ్ళీ అంత మొత్తాన్నే క్రెడిట్ అని తీసేస్తారు. మూడేళ్ళూ కదలకుండా ఉంటే ఫ్రీ, మధ్యలో లేస్తే క్రెడిట్ ఆగిపోయి మిగిలిందంతా ఒక్కసారి మీద పడుతుంది. అలా కాదంటే ఫోన్ తయారుచేసినవాడి దగ్గరే వడ్డీ లేని వాయిదాల మీద కొనుక్కుని, చవకైన ప్లాన్ ఏదో ఒకటి వేసుకుని, నచ్చనప్పుడు మారిపోవచ్చు. పాత రోజుల్లో రెండేళ్ళ కాంట్రాక్ట్ ఉండేదనీ, అప్పుడు ఫోన్ చవగ్గా చేతికొచ్చేది గానీ దాని ఖరీదు నెల బిల్లులో కనపడకుండా కలిసిపోయేదనీ, ముందే మానేస్తే జరిమానా కట్టాల్సొచ్చేదనీ చెప్పారు.

అనుష్క తను ఇంకా వాళ్ళ డాడీ ప్లాన్‌లోనే ఉన్నానంది. వాయిదాల మీద ఫోన్ తీసుకున్నాక తను వేరే ప్లాన్‌కి వెళ్ళిపోతే ఏమవుతుందని అడిగింది.

"నంబరు పట్టుకుని నువ్వు వెళ్ళిపోవచ్చమ్మా, ఎవరూ ఆపరు. వాయిదాలు మాత్రం మీ డాడీ మెడకే ఉంటాయి" అన్నారు మూర్తిగారు.

పద్మిని మొగుడి వంక చూసింది. ఆయన టీ గ్లాసు వంక చూస్తున్నారు. మార్చిలో స్మృతి పుట్టినరోజుకి ఈయన చెప్పా పెట్టకుండా కొత్త ఫోన్ పంపించారు, ముప్పై ఆరు వాయిదాల మీద. అదీ పాత కాంట్రాక్ట్ లాంటిదేననీ, ఇక మూడేళ్ళ దాకా ఆ లైన్ ఎక్కడికీ కదలదనీ సంబరపడి ఆ పూట బజ్జీలు వేయమన్నారు. నా ఫోన్ బాగానే ఉంది కదా నాన్నా అని స్మృతి ఆ పెట్టె తెరవనే లేదు. ఇప్పుడు తేలిందేమంటే, మూడేళ్ళకీ కట్టుబడ్డది ఆయనొక్కరే.

మూర్తిగారి మాట ఎక్కడ గుచ్చుకుందో గానీ లక్ష్మీపతిగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"నీకు మందుల సంగతి తెలుసేమో గానీ మూర్తీ, కాంట్రాక్టుల సంగతి తెలీదు. ఇప్పటివన్నీ కాంట్రాక్టులేవిటోయ్? ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లేచిపోయేది కాంట్రాక్టా? రెండువేల ఎనిమిదిలో నేను రాయించిన కాంట్రాక్ట్ ఒకటుంది. అలాంటిది ఈ దేశంలో ఇంకోటి లేదు."

ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ మర్నాడు. ఆయనా, పద్మినీ, పద్నాలుగేళ్ళ స్మృతీ షాపుకెళ్ళారు. మూడు ఫోన్లు, రెండేళ్ళ కాంట్రాక్ట్. కౌంటర్ దగ్గర కుర్రాడు యాక్టివేషన్ ఫీజు అడిగాడు. ఈయన ఇవ్వనన్నారు. పది నిమిషాలు వాదించారు. కుర్రాడు ఫీజు తీసేశాడు. ఇక్కడిదాకా నిజం. కుర్రాడి కంప్యూటర్ ఆగిపోయి, మళ్ళీ మొదలెట్టే ఓపిక లేక తీసేశాడన్నది కూడా నిజమేగానీ అది పద్మిని ఒక్కదానికే తెలిసిన నిజం.

లక్ష్మీపతిగారు గొంతు సవరించుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఫీజు తీసేశాడు కదా అని సంతకం గీకేస్తానా? కాగితాలు ఇమ్మన్నాను. అరవై రెండు పేజీలు, ఒక్కో అక్షరం చీమ తలకాయంత. నిలబడి చదవడం మొదలెట్టాను. ఆ కంపెనీ పుట్టాక ఆ కాగితాలు పూర్తిగా చదివిన మగాడు లేడు, రాసినవాడు కూడా చదవలేదు. పదో పేజీకి కుర్రాడికి చెమటలు. ఇరవయ్యో పేజీకి మేనేజర్ వచ్చి కుర్చీ వేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. మరి ఫ్రైడే సేల్ కదా, నా వెనకాల జనం నిలబడిపోయారు. క్యూ షాపు దాటింది, పార్కింగ్ దాటింది, హైవే ఎక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రాలీ దాకా వెళ్ళుంటుంది" అన్నారు మూర్తిగారు.

"రాలీ ఏవిటోయ్, వర్జీనియా బోర్డర్ దాటింది. అక్కడ స్టేట్ మారితే ట్యాక్స్ మారుతుందని కొంతమంది వెనక్కి తిరిగారు గానీ, లేకపోతే వాషింగ్టన్ పట్టేది."

అనుష్క పగిలిన ఫోన్ సంగతి మర్చిపోయి చెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. ఆ క్యూలో జనం గుడారాలు వేసుకున్నారట. పండగ విందులో మిగిలిన టర్కీ మాంసం తెచ్చుకుని అక్కడే పొయ్యిలు పెట్టారట. ఆయన ముప్పయ్యో పేజీలో ఉండగా క్యూలో ఒక అబ్బాయికీ అమ్మాయికీ పరిచయమైందట, నలభై రెండో పేజీలో పెళ్ళయిందట, యాభై ఎనిమిదో పేజీకి వాళ్ళ పిల్లాడికి పేరు పెట్టమని ఈయన దగ్గరికే తెచ్చారట. ఎంతైనా డాక్టరు కాబట్టి మూర్తిగారు నెలలు లెక్క చూసుకుని చిన్నగా దగ్గారు. చిన్న అక్షరాలోయ్, నిదానంగా చదవాలి కదా అన్నారు లక్ష్మీపతిగారు.

అరవై రెండో పేజీ అయ్యాక తల ఎత్తి ఒకే ఒక్క ప్రశ్న వేశారట. నేను రెండేళ్ళు కదలకూడదని రాశారు, బాగానే ఉంది. మరి మీరు నాకు ఏది కదలకుండా చూస్తారో అది ఎక్కడ రాశారు? మేనేజర్ కాగితాలన్నీ తిరగేశాడు. హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఇంకో పై ఆఫీసుకి చేశారు. గంటలో పదకొండు మంది లాయర్లు మూడు విమానాల్లో బయల్దేరారు. ఎయిర్‌పోర్ట్‌లో పండగ రద్దీ, దిగడానికి జాగా లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అన్నట్టు అందరి మొహాలూ ఒకసారి చూసి, ఆయనే చెప్పారు. మూడు విమానాలూ ఆయన కట్టిన వంతెన మీద దిగాయి.

"వంతెన తట్టుకుందా?" అన్నారు మూర్తిగారు.

"మూడూ దిగాక నాలుగోది కూడా దిగొచ్చని పైలట్లే అన్నారు. నేను కట్టింది మరి."

లాయర్లు బేరానికి దిగారట. బతికున్నన్నాళ్ళూ కొత్త ఫోన్లన్నారు. ఫోన్లొద్దన్నారు ఈయన. పెరట్లో సొంతానికి ఒక టవరు వేసిస్తాం, కావలిస్తే దాని మీదికి ఆనపపాదు పాకించుకోండి అన్నారు. అదీ వద్దన్నారు. కంపెనీలో సగం వాటా రాసిస్తామని కాళ్ళబేరానికొచ్చారు. ఈయన జేబులోంచి పెన్ను తీసి, నాకేం డబ్బూ దస్కం అక్కర్లేదు, రెండు షరతులు రాస్తాను, దాని కింద మీరు సంతకాలు పెట్టండి చాలు అన్నారట. అచ్చ తెలుగులో రాశారు. లాయర్లకి చదవడం రాక, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక తెలుగు లాయరుని రప్పించారు. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, దీని కింద సంతకం పెట్టనివాడు తండ్రి కాడు అన్నాడట.

"ఏం రాశారు అంకుల్?" అంది అనుష్క.

"మొదటిది, చిరంజీవి స్మృతి నంబరు ఆచంద్రార్కం నా ప్లాన్‌లోనే ఉండవలెను. అంటే ఏవిటనుకున్నావు, పొలాల దస్తావేజుల్లో రాసేవాళ్ళు మా తాతగారి రోజుల్లో, చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం అని. రెండోది, సదరు స్మృతి వారమునకొకసారి తనంతట తాను ఫోన్ చేయవలెను. చేయనియెడల కంపెనీవారిదే పూచీ."

పద్మిని ఫోన్‌లో మెసేజ్ మోగింది. "అమ్మా, వి ఆర్ హియర్. లైన్‌లో ఇద్దరే ఉన్నారు మా ముందు." ఆవిడ చదువుకుని తలెత్తేసరికి ఆయన కుడిచెయ్యి ఎడమవైపు చొక్కా జేబు మీద ఉంది. కోత మొదలెట్టినప్పటి నుంచీ ఆ చెయ్యి అక్కడికే పోతోంది. ఎందుకో ఆవిడకి తెలుసు. అకౌంట్‌లో ఏ మార్పు జరిగినా ఆయన ఫోన్‌కీ ఆవిడ ఫోన్‌కీ మెసేజ్ వస్తుంది. పిల్ల అడిగిన మర్నాడే వచ్చింది, ట్రాన్స్‌ఫర్ పిన్ తయారైంది, నాలుగు రోజుల్లో గడువు తీరిపోతుంది అని. పంపించేశారు కాబోలు అనుకుంది పద్మిని. అయిదో రోజున ఇంకో మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. నిన్న నాలుగోది. పాస్‌వర్డ్ మర్చిపోయిన మనిషి నాలుగుసార్లు పిన్ను తెప్పించుకుని, చీటీ మీద రాసుకుని, జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మనసొప్పక పంపట్లేదు, పిల్లని నొప్పించలేక మానట్లేదు. అడిగేద్దామని నోటిదాకా వచ్చి, ఆయన ఆ జేబుని తడుముకునే తీరు చూసి, పద్మిని నాలుగుసార్లూ మింగేసింది.

"పదేళ్ళు సజావుగా నడిచింది" అంటున్నారు లక్ష్మీపతిగారు. "పిల్ల కాలిఫోర్నియా వెళ్ళింది. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదట. ఊరికే కిటికీలోంచి టవరు వంక ఒక చూపు చూశారట. అంతే, ఆ టవరు సిగ్గుతో తల వంచేసింది. దాన్ని చూసి పక్క ఊరి టవరు, దాన్ని చూసి ఆ పైది, అలా టెనెసీ మీదుగా, టెక్సస్ మీదుగా, ఎడారులు దాటి కాలిఫోర్నియా దాకా టవర్లన్నీ వరసగా వంగిపోయాయి. అమెరికా మొత్తం మీద ఫోన్లు మూగబోయాయి. పిజ్జా చెప్పేవాడికి పిజ్జా లేదు, ప్రేమించినవాడికి ప్రేమ లేదు. ఎవరు ఎవరికి చేసినా ఒకటే మాట వినపడింది: స్మృతి నాన్నగారు ఎదురుచూస్తున్నారు, దయచేసి వేచి ఉండండి.

మూర్తిగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. పక్క బల్ల మీద వాళ్ళు కూడా ఇటు తిరిగారు. లక్ష్మీపతిగారికి ఇంకా ఊపొచ్చింది. కంపెనీ పెద్దాయన నిచ్చెన భుజాన వేసుకుని శాన్ రామన్ వెళ్ళి, స్మృతి ఉండే నాలుగో అంతస్తు బాల్కనీకి వేసి, పైకెక్కి, కిటికీ తట్టి, అమ్మా మీ నాన్నగారి కాంట్రాక్ట్ ప్రకారం అని తెలుగులో మొదలెట్టాడట. ఆ ముక్క చెప్పడానికి వారం రోజులు తెలుగు నేర్చుకున్నాడు.

"ఏ యాసలో?" అన్నారు మూర్తిగారు.

"గోదావరి యాసేనోయ్. నేనే దగ్గరుండి నేర్పించాను."

"అప్పుడు ఫోన్ చేసిందా అంకుల్?"

"చెయ్యక? చేసింది. ఎంతసేపు మాట్లాడిందో తెలుసా? నాలుగు గంటలు."

"ఫోర్ అవర్స్! ఏం మాట్లాడింది?" అని నవ్వింది అనుష్క.

అక్కడ ఆయన ఆగారు. విమానాల దగ్గర ఆగని మనిషి, టవర్ల దగ్గర తడుముకోని మనిషి, ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయారు. కొంచెంసేపు బియ్యం బస్తాల వంక చూశారు.

"ఏమీ లేదమ్మా" అన్నారు చివరికి, మామూలు గొంతుతో. "పనేం లేదు నాన్నా, ఊరికే చేశాను అంది. అలా అని, నాలుగు గంటలు ఊరికే మాట్లాడింది."

ఈసారి మూర్తిగారు నవ్వలేదు. ఇందాకటి నుంచీ ఆయన ఎన్ని కోతలు కోశారో అన్నిట్లోకీ పెద్దది ఇదే. మిగతావి గొంతెత్తి చెప్పారు, దీన్ని మాత్రం మెల్లగా చెప్పారు. ఆయనకి వచ్చిన ఫోన్ ఆయనకి తెలుసు, రాని ఫోన్ ఎలా ఉంటుందో కూడా అణువణువునా తెలుసు, కూర్చుని అల్లుకుంటూ ఉంటారు కాబోలు. ఆవిడకి ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

అనుష్క చిన్నపిల్ల, అవేవీ పట్టలేదు. కథ అయిపోతుందేమోనని తొందరపడి ఇంకో ప్రశ్న వేసింది. "సో, అక్క నంబర్ ఇంక ఎప్పటికీ మారదా అంకుల్?"

ఆయన తేరుకున్నారు. గొంతులోకి మళ్ళీ పాత జోరు తెచ్చుకున్నారు.

"మారదు. మార్చాలంటే కాంగ్రెస్ రెండు సభలూ కూర్చుని చట్టం చేయాలి. చేసినా సరే, దాని మీద నా సంతకం..."

"చట్టం దాకా ఎందుకండీ" అంది పద్మిని.

ముప్పై నాలుగేళ్ళలో నలుగురి మధ్య ఆవిడ ఆయన మాటకి అడ్డం రావడం అదే మొదలు.

"ఆరంకెల పిన్ను చాలు. అది మీ జేబులో ఉంది. నాలుగోది. మూడు మురిగిపోయాయి, ఇది కూడా మూడు రోజులైతే మురిగిపోతుంది. పిల్ల అక్కడ షాపులో నిలబడి ఉంది."

మూర్తిగారు ఖాళీ గ్లాసు ఎత్తి, అందులో ఏమీ లేదని చూసి మళ్ళీ దింపారు. అనుష్క అటూ ఇటూ చూసి, తనేదో అడగకూడనిది అడిగానని తల దించుకుంది. లక్ష్మీపతిగారు జేబులోంచి చీటీ తీశారు. నాలుగు మడతలు వేసిన చీటీ, మడతల దగ్గర అప్పుడే నలిగిపోయింది. దాన్ని విప్పలేదు, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నారు. గాలి తీసేసినట్టు భుజాలు దిగిపోయాయి.

"ఇది ఇచ్చేస్తే" అన్నారు, "ఇక ఏమని ఫోన్ చేయను పద్మినీ?"

అక్కడున్నవాళ్ళు వింటారని కూడా ఆయన చూసుకోలేదు. ఆ మాట వినడానికే ఆవిడ రెండు వారాలుగా కాచుకుని ఉంది.

"పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తుంటే మీరు కేటరింగ్ అతనితో పెరుగు ఎంత మిగిలిందని మాట్లాడుతూ నిలబడ్డారు. దాని చేతులు పాలలో ముంచి అప్పజెప్పాల్సినవారు రాలేదని అది అప్పుడే అడిగింది నన్ను. నాన్న ఎక్కడమ్మా అని. ఇవాళైనా ఆ పని మీ చేత్తో చేయండి. మెసేజ్ పెట్టొద్దు, నేనూ పెట్టను. ఫోన్ చేసి మీ నోటితో చెప్పండి."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. ఫోన్ తీశారు. నంబరు నొక్కబోయే ముందు చొక్కా సర్దుకోవడం పద్మిని చూసింది, తొమ్మిదో తారీఖున సోఫాలో సర్దుకున్నట్టే. తారీఖు మాత్రం ఇరవై ఒకటి. తొందరలో వేలు తగిలి స్పీకర్ నొక్కుకుపోయింది. ఆయన గమనించలేదు, ఎవరూ చెప్పలేదు.

ఒక్క రింగుకే ఎత్తింది స్మృతి. వెనకాల షాపులో పాటేదో వినిపిస్తోంది.

"నాన్నా? ఏంటి, అంతా ఓకేనా? ఇవాళ బిల్ డే కాదు కదా."

"అంతా బాగానే ఉంది. పిన్ను వచ్చింది. రాసుకో."

"థాంక్ గాడ్. చెప్పండి చెప్పండి, మా టర్న్ వచ్చేసింది."

ఆయన చీటీ విప్పారు. విప్పకపోయినా ఆయనకి నోటికొచ్చని పద్మినికి తెలుసు. నాలుగు అన్నారు. అటునుంచి స్మృతి నాలుగు అంది. కాసేపాగి, తొమ్మిది అన్నారు. తొమ్మిది అంది. ఆపైన సున్నా. ఆ సున్నాకీ దాని తర్వాతి అంకెకీ మధ్య ఎంతసేపు పట్టిందంటే, అవతల ఈషాన్ లైన్ కట్ అయిందా అని అడగడం ఇక్కడికి వినపడింది. లేదు, ఉన్నారు అంది స్మృతి. ఆయన రెండు అని, ఆ వెనకే ఏడు అన్నారు.

"ఏడు" అంది స్మృతి. "ఇంకొకటి, నాన్నా."

లక్ష్మీపతిగారు చీటీ వంక చూశారు. పద్మిని చెయ్యి చాచి ఆయన మోచేతి మీద వేసింది.

"చెప్తాను" అన్నారు. "అక్కడ వాన పడుతోందా?"

"వానా? జూన్ నాన్నా ఇది. ఇక్కడ జూన్‌లో వానలుండవు, మీకు తెలుసు కదా."

"తెలుసు" అన్నారాయన. "అయినా చెప్పు."

అటువైపు స్మృతి ఎవరితోనో ఇంగ్లీషులో, మా వెనకవాళ్ళని ముందు చూడండి, నేను మళ్ళీ వస్తాను అంది. తలుపు తెరుచుకున్న చప్పుడైంది, వెనకాల పాట ఆగిపోయింది. కార్ల శబ్దం వినిపించింది. ఆ పిల్ల ఎక్కడో కూర్చున్నట్టుంది, ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్‌లో తెలిసింది.

"బాగా ఎండగా ఉంది నాన్నా" అని మొదలుపెట్టింది స్మృతి. "పొద్దున మాత్రం కొండల మీద కొంచెం పొగమంచు పట్టింది..."